నిన్న పడ్డ గోడ

దయ్యాలు, శకునాలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. పిల్లి ఎదురొచ్చిందని మా అమ్మ గుమ్మంలో ఆగిపోతే, నేను ఆ పిల్లిని దాటుకునే బస్సెక్కేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యమేమీ లేదు. పట్టపగలు, ఒక సర్కారు బడిలో, ఇరవై రెండు మంది పిల్లల ముందు జరిగింది. అయినా దీన్ని రాయడానికి కూర్చుంటే కుదురుగా ఉండలేకపోతున్నాను. ఇంత రాసేలోపే రెండుసార్లు లేచి తిరిగి వచ్చాను.

నిజామాబాద్‌లో నాకు పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు ప్రింట్ చేసే చిన్న షాపు ఉంది. అక్షరం తప్పు కనబడితే ఊరుకోలేను. "శుభలేక" అని రాసుకొచ్చిన పెళ్లికొడుకును షాపులోనే కూర్చోబెట్టి ఒత్తు "ఖ" రాయించాను. మా ఆయన దీన్ని రోగం అంటాడు.

కిందటేడు మేం స్నేహితులం ఆరుగురం కలిసి, బోధన్‌కూ వర్నికీ మధ్య ఉన్న ఒక పల్లె బడిలో పది రోజులు పనిచేయడానికి వెళ్లాం. గదులకు రంగులు వేయాలి, పిల్లలకు చదువు చెప్పాలి. మొదటి మూడు రోజులూ రంగులే. మూడో తరగతి గదిలో కాలువ వైపు గోడ నా వంతుకు వచ్చింది. పాత సున్నం గీకి, కడిగి, ఆరబెట్టి, అచ్చులూ హల్లులూ నా చేత్తో రాశాను. మూడు రోజులు ఆ గోడకు మొహం ఆనించి పనిచేసినదాన్ని, వెంట్రుకంత పగులు కూడా లేదు. మేమున్న రోజుల్లో ఒక్క చినుకు పడలేదు. ఈ రెండూ ఎవరు అడిగినా ఒట్టేసి చెబుతాను.

నాలుగో రోజు నుంచి అదే గదిలో నేను తెలుగు చెప్పాను. ఆ క్లాసులో నస్రీన్ అని ఒక పిల్ల ఉంది, ఎనిమిదేళ్లు. తండ్రి బోధన్‌లో పంక్చర్లు వేస్తాడు, తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. గలగలా మాట్లాడేది. కానీ నిన్న, రేపు అనే రెండు మాటలు మాత్రం ఎంత చెప్పినా పట్టుబడలేదు. ఉర్దూలో రెండింటికీ "కల్" ఒక్కటే మాట కదా, పాపం తికమక పడేది. "రేపు మా ఇంట్ల సేమ్యా వండిన్రు మేడం" అనేది. క్లాసంతా పడీ పడీ నవ్వేది, తనూ నవ్వేది.

ఆరో రోజు ఒక్కొక్కరినీ నిలబెట్టి, నిన్న ఏం జరిగిందో ఒక వాక్యం చెప్పమన్నాను. ఒకడు వాళ్ల బర్రె ఈనిందన్నాడు. ఒకమ్మాయి వాళ్ల బాపు చెరుకు ట్రాక్టరు మీద పోయిండు అంది. నస్రీన్ లేచి నిలబడింది.

"నిన్న మన క్లాసు గోడ పడ్డది మేడం. అందరు ఉరికిన్రు. మీ చెయ్యి తెగింది. సారు దస్తీ కట్టిండు."

క్లాసు గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి "ఇదిగో, పడలేదు కదే" అని అరచేత్తో తట్టి చూపించాను. జరగనిదాన్ని నిన్న అనకూడదు, జరగబోయేదాన్ని రేపు అనాలి అని చెప్పాను. అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. బోర్డు మీద "రేపు మన తరగతి గోడ పడుతుంది" అని రాసి, "రేపు" చుట్టూ సున్నా చుట్టి, పిల్లలందరితో మూడుసార్లు గట్టిగా అనిపించాను.

ఆ కేకలకు హెడ్‌మాస్టరు గుమ్మంలోకి వచ్చి, "ఇదేంది మేడం, మొన్ననే రంగులేసిన గోడను కూలగొడుతున్నరు?" అని నవ్వారు. అందరం నవ్వాం. నస్రీన్ ఒక్కతే నోరు విప్పలేదు. నువ్వు కూడా అనవే అంటే, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "రేపు గాదు మేడం, నిన్ననే. అయిపోయింది" అంది. అంత చెప్పాక కూడా అదే తప్పు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కూర్చో అని కసిరాను.

మర్నాడు పొద్దున, మేం బస చేసిన బోధన్‌లో బస్సెక్కినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. నమ్మానని కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి వచ్చినట్టు ఒకటే గుబులు. చెరుకు బండ్ల వెనక బస్సు నింపాదిగా పోతుంటే డ్రైవరు మీద అరవాలనిపించింది.

క్లాసులో నస్రీన్ లేదు. బోర్డు మీద నిన్నటి వాక్యం అలాగే ఉంది. ముందు దాన్ని తుడిచేశాను. పాఠం మొదలుపెట్టాను కానీ, ప్రతి రెండు నిమిషాలకూ చూపు ఆ గోడ మీదికే పోతోంది. వెనక వరుస పిల్లలు ఆ గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. వాళ్లను జరగమన్నాను. మళ్లీ ఇంకాస్త జరగమన్నాను. పదకొండింటికి ఇక నావల్ల కాక, బయట వేపచెట్టు కింద చదువుకుందాం పదండి అన్నాను. పిల్లలకేం, ఎగిరి గంతేశారు.

హెడ్‌మాస్టరు పరుగున వచ్చారు. ఆ రోజు రంగులు ఇప్పించిన పెద్దమనుషులు వస్తున్నారు. కొత్త రంగుల గదిలో పిల్లలతో ఫొటోలు దిగాలి. "దారిలనే ఉన్నరట మేడం, పిల్లలను లోపట కూసోపెట్టుండ్రి" అన్నారు. కుదరదన్నాను. ఎందుకని అడిగారు. ఏమని చెప్పను? ఎనిమిదేళ్ల పిల్ల తప్పు తెలుగు మాట్లాడిందని చెప్పనా? ఉక్కగా ఉందన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, పిల్లల్ని తనే లోపలికి పిలిచారు. నేను గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాను. అంతమంది ముందు సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ అక్కడి నుంచి కదల్లేదు.

ఇంతలో ఇద్దరు ఆడపిల్లలు నీళ్ల సీసాలు మరిచిపోయామని నా చేతుల కింద నుంచి దూరి లోపలికి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే పరుగెత్తాను. చెరో రెక్కా పట్టుకుని వాళ్లను గుమ్మం దాటించానో లేదో, వెనక ధడేలుమంది. నేను రాసిన అక్షరాలతో సహా గోడ మొత్తం లోపలికి, పిల్లలు రోజూ కూర్చునే వెనక వరుస చాప మీద పడింది. దుమ్ములో ఎవరు ఎవరో తెలియలేదు. తలలు లెక్కపెట్టాను. తప్పి మళ్లీ లెక్కపెట్టాను. ఆ రోజు బడికి వచ్చిన పిల్లలందరూ ఉన్నారు. ఎవరికీ చిన్న దెబ్బ కూడా లేదు.

అప్పుడు చూసుకున్నాను, ఎగిరొచ్చిన పెళ్ల తగిలి నా ఎడమ చెయ్యి తెగింది, రక్తం కారుతోంది. హెడ్‌మాస్టరు జేబులోంచి దస్తీ తీసి కట్టారు. కడుతూ కడుతూ ఆయన చేతులు ఆగిపోయాయి. నా మొహంలోకి చూశారు. నిన్న నస్రీన్ చెప్పిన మాట పిల్లలెవరో ఆయనకు అప్పటికే చెప్పినట్టున్నారు. నేను అందరి ముందూ భోరున ఏడ్చాను.

సాయంత్రం నస్రీన్ వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"నిన్న బడి నుంచి వచ్చినకాడి నుంచి ఏడుస్తనే ఉంది మేడం. బడి గోడ పడ్డదంట, మీ చెయ్యి తెగిందంట, ఇగ బడికి పోనంటది. వాళ్ల అబ్బా ఆ బడి ముంగట నుంచే వచ్చిండు. గోడ మంచిగనే ఉన్నది గదా అంటే ఇనది. బడి ఎగ్గొట్టనీకి అబద్ధాలాడుతుందని రెండు దెబ్బలేసిన."

అప్పుడు తలెత్తి నా చేతికున్న కట్టు చూసింది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి, ఇంటి పట్టున పని చేసుకునే ఆమెకు అప్పటిదాకా తెలియదట.

నస్రీన్‌ను దగ్గరికి తీసుకుని, ఎలా తెలిసిందమ్మా అని అడిగాను. "తెల్వలే మేడం. నేను చూసిన. నిన్ననే చూసిన" అంది. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

తర్వాత ఒక మేస్త్రీ వచ్చి చూశాడు. లోపలంతా మట్టితో కట్టిన పాత గోడ, పక్క కాలువ నీళ్లు పునాదికి ఎక్కినయి, ఎప్పుడో ఒకప్పుడు పడేదే అన్నాడు. సరే, గోడ ఎందుకు పడిందో తెలిసింది. నా చెయ్యి తెగుతుందని, సారు దస్తీ కడతారని ఒకరోజు ముందే ఆ పిల్ల ఎలా చెప్పింది? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

కానీ నేను చేసిన అసలు తప్పు ఇంకొకటుంది. ఆ కంగారులో, నస్రీన్ ముందే చెప్పింది, అందుకే పిల్లలు బతికారని కనబడిన వాళ్లందరికీ చెప్పాను. మెచ్చుకోలుగానే చెప్పాను. మర్నాడు వాళ్లమ్మ నస్రీన్‌ను బడికి పంపింది, వేపచెట్టు కింద చాపలు పరిచి క్లాసు పెట్టాం. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు బడి దగ్గరికి వచ్చి, "బిడ్డా, మా పిల్లగానికి నౌకరి వస్తదా చెప్పరాదు" అని ఆ పిల్ల గడ్డం పట్టుకున్నారు. ఆ వెనకే ఇంకొకామె వచ్చి, ఆ పోరి నోరు మంచిది కాదని, తన కూతుర్ని నస్రీన్ పక్క నుంచి లేపి వేరే వరుసలో కూర్చోబెట్టింది. అవతల వైపు ఉన్న అమ్మాయిని కూడా ఎవరో లేపేశారు. చాప మీద నస్రీన్‌కు రెండు పక్కలా ఖాళీ. గలగలా మాట్లాడే పిల్ల తెలుగులో మాట్లాడడమే మానేసింది. ఏమడిగినా తల ఊపేది, అంతే.

చివరి రోజు అందరికీ పుస్తకాలు పంచి, తనను వేపచెట్టు కింద పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా కట్టు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"గోడ నేను చెప్పినందుకు పడ్డదా మేడం? మీరు అందరితోని అనిపిచ్చినందుకు పడ్డదా?"

ఎవరి వల్లా కాదమ్మా, అది పాత గోడ అన్నాను. తల ఊపింది. నమ్మలేదు. నిజానికి ఆ మాట అన్న నాకే నమ్మకం లేదు.

ఏడాది దాటింది. నస్రీన్ మళ్లీ మాట్లాడుతోందా అని హెడ్‌మాస్టరుకు ఫోన్ చేద్దామని వారం వారం అనుకుంటాను. నంబరు తీస్తాను, మళ్లీ పక్కన పెట్టేస్తాను. మాట్లాడడం లేదని ఆయన అంటే, ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియదు. మాట్లాడుతోందని అంటే, ఏం చెబుతోందని అడగకుండా ఉండలేను.