మా మేడల మీది ఇనప చువ్వలు

మా వీధి కాలవ గురించి నేను పెట్టిన అర్జీల నకళ్లు ఒక సంచి నిండా ఉన్నాయి. ఒక్కదానికీ ఇంతవరకు జవాబు రాలేదు. విజయనగరంలో మాది వీధి చివరి ఇల్లు, పల్లం. కాలవ మా ఇంటిదాకా రాకుండానే ఆగిపోయింది. గట్టి వాన పడితే నీళ్లు వంటింట్లోకొస్తాయి, బియ్యం డబ్బా మంచమెక్కుతుంది.

ఒకసారి మున్సిపల్ ఆఫీసులో పన్నుల గుమస్తా నా అర్జీ చదవకుండానే పక్కన పడేసి, "కాలవ కట్టడానికి మీ వీధి నించి మాకేటొస్తాదండీ?" అన్నాడు. వెనక వరసలో వాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తే.

ఆ కోపంతో ఇంటికి నడిచొస్తూ వీధి మొదట్లో తలెత్తి చూశాను. రెండు పక్కలా మేడలే. ఒక్కదానికీ ముందువైపు ప్లాస్టరింగ్ లేదు. స్లాబుల మీద చువ్వలు నిక్కి ఉన్నాయి. లోపలేమో టైల్సు, ఏసీలు, అద్దెకున్న సంసారాలు. ఇల్లింకా పూర్తి కాలేదని చెప్పుకోవడానికి మేమందరం చేసే పనే అది. అలా ఉన్నంతకాలం పన్ను కింది భాగానికే పడుతుంది. మా మేడా ఏళ్ల తరబడి అలాగే ఉంది. గుమస్తా మాట నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది.

మర్నాడే తాపీమేస్త్రీని పిలిచాను. చువ్వలు కోయిస్తుంటే పక్కింటి బావ పిట్టగోడ మీంచి చూసి, "పన్ను కట్టడానికి సరదాపడినోణ్ణి నిన్నే సూస్తన్నాను బావా" అన్నాడు. నేను పని ఆపలేదు. సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగాను. అందరం ఒకే రోజు వెళ్లి మేడలు పన్నులో రాయించుకుందాం, ఆ కాగితాలతోపాటే కాలవ అర్జీ పెడదాం అన్నాను. కొందరు తలుపే తీయలేదు.

ఎదురింటి వదిన మాత్రం కూర్చోబెట్టింది. వీధి బోరు మోటారు తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ మాట ఎవరూ కాదనరు.

"పన్ను కట్టీసినాక కాలవ రాపోతే ఏటి సేస్తావు?"

"రోజూ ఆఫీసుకెళ్లి కూసుంటాను."

"ఇన్నాళ్లూ సేసిందదే కదా."

"ఇన్నాళ్లూ ఉట్టి సేతుల్తో కూసున్నాను వదినా."

ఆవిడ నవ్వి, లోపలికెళ్లి ఇంటి కాగితాలు తెచ్చింది.

తర్వాతి సోమవారం వీధి వీధంతా కదిలింది! వదిన మాట మీద తలుపు తీయనివాళ్లు కూడా వచ్చారు. ఆటోల్లో కొందరు, బళ్ల మీద కొందరు. ఆఫీసు వరండాలో మేమే నిండిపోయాం. అదే గుమస్తా కుర్చీలోంచి లేచాడు. మా అంతట మేమే వచ్చి పన్ను వెయ్యమంటుంటే ఆయనకు ఏం రాసుకోవాలో తోచలేదు. ఇలాంటి వీధులు ఊళ్లో ఎన్ని లేవు? అన్నీ మాలాగే కదిలితే ఈ ఊరికి కట్టలేని కాలవ ఉంటుందా?

కొలతలకొచ్చిన రోజు టేపు కొస బావే పట్టుకున్నాడు. సిబ్బంది వెళ్లబోతుంటే ఆపి, "మా బాల్కనీ ఒగ్గేసినారు" అని మళ్లీ కొలిపించాడు. ఆ మాటకి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పన్నులు పడ్డాయి, కట్టాం. కాలవ అర్జీ అందినట్టు ముద్ర వేయించుకున్న కాగితం నా దగ్గరుంది. తర్వాత ఒక్క ముక్క రాలేదు. మబ్బులు మళ్లీ కమ్ముతున్నాయి, బియ్యం డబ్బా ఇంకా కిందే ఉంది. అయ్యా, మా వీధి నుంచి మీకేం వస్తుందో చూపించాం. మీ నుంచి మాకేం వస్తుందో, ఎప్పుడొస్తుందో, ఎవరో ఒకరు సంతకం పెట్టి చెప్పండి.