మామ అనుమానం, సరంగు డబ్బా

మామ పోయాడన్న కబురు నాకు ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డు గేటు దగ్గర అందింది. ఝపటాపూర్‌లో మామ పక్కింట్లో ఉండే బెంగాలీ పెద్దాయన సైకిల్ దిగి, "మామా ఆర్ నేయ్, దాదా" అన్నాడు. ఇక మామ లేడట. నేను నమ్మలేదు. డ్యూటీ ఇంకొకరికి అప్పగించి పరుగున వెళ్లాను. చాప మీద పడుకోబెట్టిన మనిషి మణికట్టు పట్టుకుని, ఆ చల్లదనం నా వేళ్లకు తెలిశాకే నమ్మాను. చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు. అలా నేర్పింది ఆయనే. "కంటితో సూసింది సగమేరా. సెయ్యెట్టి సూడు" అనేవాడు.

మామ మా అమ్మకు అన్న. శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకు అన్నిటి మీదా అనుమానమే. టీ కొట్టువాడు కడిగిన గ్లాసును మళ్లీ తాను కడుక్కునేవాడు. రైలు ఎన్ని గంటలకని ఇద్దరిని అడిగేవాడు. ఇద్దరూ ఒకటే చెబితే, కూడబలుక్కున్నారేమోనని మూడోవాడిని అడిగేవాడు. నా పెళ్లి కుదిరినప్పుడు ఎవరికీ చెప్పకుండా పెళ్లికూతురి ఊరు వెళ్లి, పిల్ల ఎలాంటిదని వాళ్ల వీధిలో ఆరా తీసి వచ్చాడు. ఆ సంగతి తలుచుకుని నా భార్య ఇప్పటికీ నవ్వుతుంది. మామ పోయిన రోజు మాత్రం, "నన్నంత పట్టించుకుని సూసినోడు ఇంకెవడున్నాడు?" అని ఏడ్చింది.

నేను మీకు చెప్పదలచుకున్నది మేం కలిసి చేసిన పడవ ప్రయాణం గురించి. మామ రిటైరైన మరుసటి ఏడు కళింగపట్నంలో ఒక చేపల వ్యాపారి దీఘా దగ్గర పాత మోటారు పడవ ఒకటి కొన్నాడు. దాన్ని తీరం వెంబడి కళింగపట్నం చేర్చాలి. ఇంజన్ చూసుకోవడానికి మామ ఒప్పుకున్నాడు. నేను నెల రోజులు సెలవు పెట్టి సాయం వెళ్లాను. పడవ నడపడానికి చాంద్‌బాలీ వైపు సరంగు ఒకడు దొరికాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒరియాలో బెంగాలీ కలిపి మాట్లాడేవాడు.

సంక్రాంతి వెళ్లాక బయలుదేరాం. సముద్రం నెమ్మదిగా ఉంది. తెల్లారగానే ఇంజన్ వేసుకుని ఒడ్డు కనిపించేంత దూరంలో పోవడం, పొద్దు వాలకముందే ఏదో ఒక నది సముద్రంలో కలిసే మొగ చూసుకుని లోపలికి తిరగడం, ఇదే మా రోజు. పోటు కోసం ఒక్కోచోట రెండు రోజులు కూర్చున్నాం. తాగే నీళ్లకు ఒక పీపా, వండుకోవడానికి ఒక కిరసనాయిలు స్టవ్, అన్నంలోకి ఎండుచేపల పులుసు. ఉప్పుగాలికి చొక్కాలు అట్టలు కట్టాయి. నాకు మొదటి నాలుగు రోజులూ వాంతులు, తర్వాత వదలని పడిశం.

మామ రోజూ సాయంత్రం పెట్రోలు ట్యాంకులో వెదురు పుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో కత్తితో గాటు పెట్టేవాడు. పొద్దున్నే మళ్లీ ముంచేవాడు. మూడో రోజున నన్ను పక్కకు పిలిచి పుల్ల చూపించాడు. పొద్దుటి తడి గాటు కన్నా బెత్తెడు కిందికి ఉంది.

"ఇంజనాపేసినాక పెట్రోలెలా తగ్గుద్దిరా?" అన్నాడు.

"సరంగంటావా మామా?"

"నువ్వూ నానూ కాకపోతే పడవలో ఇంకెవుడున్నాడు?"

ఆ రోజు నుంచి నాకు సరంగు చేసే ప్రతి పనీ దొంగపనిలాగే కనిపించింది. పడవ కట్టగానే వాడు మూతున్న రేకుడబ్బా ఒకటి పట్టుకుని ఇసక మీద చాలాదూరం పోయి, ఖాళీ డబ్బాతో వచ్చేవాడు. స్టవ్‌ను ఇంజన్ దగ్గర నుంచి తీసి పడవ ముందు కొసకు మార్చాడు. ఆ తర్వాత పడవలో వంటే వద్దని, ఒడ్డున ఇసకలో వండమన్నాడు. "మనం వంటకాడ కూకుంటే ఆడి సేతులు ట్యాంకు కాడుంటాయి. తెలివైనోడు" అన్నాడు మామ. ఒకరోజు నేను బీడీ వెలిగించుకుంటే, సరంగు దాన్ని నా నోట్లోంచి లాగి సముద్రంలో విసిరేశాడు. కొట్టడానికి లేచాను. మామే ఆపాడు.

ఒక్కసారి మాత్రం వాడు నోరు విప్పాడు. "మిస్త్రీబాబు, నీచే తేల్ గొంధో" అన్నాడు. పడవ కింద పెట్రోలు వాసన వస్తోందని.

మామకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నాకే ఇంజన్ నేర్పుతావేటి?" అని తెలుగులోనే అరిచాడు. సరంగుకు భాష తెలియకపోయినా మాట అర్థమైంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాడు స్నానానికి దిగినప్పుడు నేను వాడి మూట విప్పి వెతికాను. అటుకులు, ఒక చిన్న అద్దం, ఉతికి మడిచిన పంచె. అంతే. దొంగసొత్తు దొరకనందుకు నాకు అనుమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

గోపాల్‌పూర్ దాటాక ఒక మొగలో పడవ కట్టాం. మర్నాడు బారువలో వాడిని పోలీసులకు అప్పగించాలని మామ నిశ్చయించాడు. "ముందు సరుకుతో పట్టుకుందాం. రా" అన్నాడు. ఇంకా ఎండ ఉండగానే సరంగు డబ్బా పట్టుకుని బయలుదేరాడు. మేం వెనకాలే వెళ్లాం. జాలర్లు వలలు ఆరేసుకుంటున్న చోటూ, వాళ్ల పొయ్యిలూ దాటి, మనిషి లేని చోట వాడు వంగి ఇసకలో గొయ్యి తీశాడు. మామ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికమ్ముతున్నావు?" అని హిందీలో గద్దించాడు.

సరంగు చెయ్యి విడిపించుకుని డబ్బా మూత తీసి మామ ముక్కు దగ్గర పెట్టాడు. మామకు ఏ వాసనా తెలియలేదు. వర్క్‌షాప్ పొగకూ, ఏళ్ల తరబడి పీల్చిన ముక్కుపొడుముకూ ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. సరంగు డబ్బా నా వైపు తిప్పాడు. పడిశం ఉన్నా నాకు తల తిరిగింది. కుళ్లునీళ్లు, వాటి మీద తేలుతున్న పెట్రోలు. పడవ అడుగు పలకల కింద చేరుతున్నదాన్ని వాడు రోజూ తోడి, జాలర్ల పొయ్యిలకు దూరంగా తెచ్చి పారబోస్తున్నాడు.

నా బీడీ గుర్తొచ్చింది.

మామ నేరుగా పడవకు నడిచాడు. పలకలు ఎత్తి, బోర్లా పడుకుని, ట్యాంకు నుంచి దిగే పైపు వెంబడి వేళ్లు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అది ఆయనే బయలుదేరేముందు బిగించిన నట్టు. మర వంకరగా పడి, అక్కడే కారుతోంది. బయటికి వచ్చేసరికి చేతి నిండా పెట్రోలే.

"తప్పు నాదే" అన్నాడు. వలల దగ్గర నుంచి వచ్చి చూస్తున్న జాలర్ల ముందే, ముందు హిందీలో సరంగుకూ తర్వాత తెలుగులో నాకూ చెప్పాడు. "లోకాన్నంతా అనుమానించినాను గాని, నా సేతిని అనుమానించనేదురా."

నేనూ సరంగుకు హిందీలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "నీ మూట విప్పాను, దాదా."

"తెలుసు" అన్నాడు సరంగు. "పంచె మడత నాది కాదు."

ఆ సాయంత్రం మామ నట్టు విప్పి మళ్లీ బిగించి, సరంగును పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాడు. మిగిలిన నీళ్లు తానే తోడి, డబ్బా తానే మోసుకుపోయాడు. కళింగపట్నం చేరేదాకా ఆ పని ఇంకొకరిని చెయ్యనివ్వలేదు.

ఆ తర్వాత మామ అనుమానం తగ్గిందనుకునేరు. తగ్గలేదు. టీ గ్లాసు కడగడం పోయేదాకా మానలేదు. కానీ పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా, "నా పని నువ్వు సూడు, నీ పని నాను సూత్తాను" అనేవాడు. ఆ మాటే నేను నిమ్‌పురా షెడ్‌లో ఇప్పటికీ పాటిస్తున్నాను. అనుమానం తప్పు కాదు, అది మనల్ని వదిలేసి అందరి మీదికీ పోతేనే తప్పని నాకు ఆ ప్రయాణంలో తెలిసింది.

పడవ అప్పగించి ముగ్గురం ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కాం. సరంగు భద్రక్‌లో దిగి చాంద్‌బాలీ బస్సు పట్టుకోవాలి. కటక్ దాటాక మామకు నిద్ర ముంచుకొచ్చి, తల సరంగు భుజం మీదికి వాలింది. భద్రక్ వచ్చింది. నేను మామను లేపబోయాను. సరంగు వద్దని తల ఊపి, పెదవి మీద వేలు పెట్టాడు. జనం దిగారు, ఎక్కారు. బండి కదిలింది. భద్రక్ బోర్డు వెనక్కి జరిగిపోతోంది. మలుపు దగ్గర కిటికీలోంచి ఎండ వచ్చి మామ ముఖం మీద పడింది. సరంగు భుజం కదలనివ్వకుండా, రెండో చెయ్యి చాపి అరచెయ్యి అడ్డుపెట్టాడు.