పరగడుపు మాత్ర

నల్లా దగ్గర లిడియా ఆ మాట అన్నప్పుడు యేసమ్మ బిందెతో ఆమె వెనకే నిలబడి ఉంది. తీతన్న బొగ్గుబావిలోకి దిగి సంపాదించేదంతా పెళ్లాం పొట్టలోకే పోతోందట. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తీతు పెళ్లాం సుగుణమణి అక్కడే ఉంది. ఏడవలేదు. బిందె వదిలి, ఆయాసపడుతూ తన క్వార్టర్లోకి పోయి ఒక గిన్నె పట్టుకొచ్చింది. అడుగున ఇంత జొన్న గట్క, మీద నీళ్ల మజ్జిగ. తెచ్చి లిడియా చేతుల్లో పెట్టింది.

"పొద్దుకూ మాపుకూ నా తిండి ఇదే, వదినె. ఇయ్యాల నువ్వు తిను. ఇదొక్కటే తిని రేపు నీళ్లకు రా. వచ్చినవంటే నీ బిందె నేను మోస్త."

లిడియా గిన్నెను చూసింది, వరుసను చూసింది, గిన్నె కింద పెట్టి ఖాళీ బిందెతోనే వెళ్లిపోయింది. క్వార్టర్ల లైనంతా పడీపడీ నవ్వింది. తన నోటికి సాటి వచ్చే నోరు ఈ లైనులో మరొకటి ఉందని యేసమ్మ ఆ రోజు ఒప్పుకుంది. అంతకుముందు ఎవరినీ ఒప్పుకున్న మనిషి కాదు.

సుగుణమణి నోరు గెలిచింది గానీ ఒళ్లు వినలేదు. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా జుట్టు వచ్చేది. గోదావరిఖని ఎండలకు అందరూ తడిబట్టలు కప్పుకుంటే ఆమె దుప్పటి కప్పుకునేది. తీతు బొగ్గు కోసే మనిషి, చర్చిలో పెద్ద. చెడ్డవాడు కాదు, తనకు తెలియనిది లేదనుకునేవాడు, అది ఇంకా కష్టం. బద్ధకమన్నాడు, శ్రమల దినాల్లో ఉపవాసం ఉండమన్నాడు. ఉంది. ఈస్టరుకు రవికలు ఇంకా బిగిశాయి.

మెడ మీద వాపు తేలాక దవాఖానవాళ్లు హైదరాబాదుకు పంపారు. తీతుకు డ్యూటీ. యేసమ్మ తోడుపోయింది. ఇది తిండి చేసిన పని కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. గొంతులో ఉండే గ్రంథిని ఒంట్లోని రక్తమే శత్రువనుకుని పాడుచేస్తోందట. ఆ గ్రంథి చెయ్యాల్సిన పని ఇకమీద మాత్ర చేస్తుంది. రోజూ పరగడుపున, బతికినంతకాలం. ముందు నీరు దిగుతుంది, మిగిలిన లావు నడిస్తే, తిండి చూసుకుంటే మెల్లగా తగ్గుతుంది అంది. తిరుగు రైల్లో సుగుణమణి అంది: "నేను తింటున్న, తింటున్న అంటరు. నా ఒళ్లే నన్ను తింటున్నదట గద, అక్కా."

మాత్ర మింగింది. సాయంత్రాలు గోదావరి దాకా నడిచింది; ఎవరికోసం పోతోందో అని లైను ఆరా తీసింది. కొన్ని నెలలకు పెళ్లినాటి గాజులు మళ్లీ చేతికెక్కాయి. యేసమ్మ కళ్లారా చూసి సంతోషపడింది.

ఆ నెలల్లోనే చర్చివాళ్లు ఆమె కోసం శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలు చేస్తున్నారు. ఒక ఆదివారం తీతు లేచి, దేవుడు నా ఇంటిదాన్ని బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. పాస్టరు అయ్యగారు ఆమెనూ లేపారు. దేవుడే బాగుచేశాడంది. మాత్ర కూడా ఆయన ఇచ్చిందే అనుకుని అంది గానీ, మాత్ర మాట బయటికి అనలేదు. అక్కడ పడింది ఉరి. ఆ తర్వాత బెల్లంపల్లి నుంచి కూడా తల్లులు వచ్చి జబ్బు పిల్లల తలలు ఆమె చేతికింద పెట్టారు. తీతు మాత్రల సీసా మోరీలో పారబోశాడు. సాక్ష్యం చెప్పినంక మందు మింగితే దేవుణ్ణి అబద్ధీకుణ్ణి చేసినట్టేనన్నాడు.

చలికాలం వచ్చేసరికి ఆ గాజులు చేతికి పట్టకుండా పోయాయి. ముఖం మళ్లీ ఉబ్బింది. విశ్వాసం సన్నగిల్లిందని కొందరు, చాటుగా తింటోందని కొందరు. నల్లా దగ్గర లిడియా తీరిగ్గా బిందె తోముతూ, "ఈసారి గిన్నె తేవేంది, వదినె?" అంది. యేసమ్మ జవాబు కోసం చూసింది. సుగుణమణి తలవంచుకుని నీళ్లు పట్టుకుంది. జవాబు తానే చెప్పబోయిన యేసమ్మను మోచేయి పట్టి ఆపింది. అంత చలిలోనూ ఆ చేయి ఇంకా చల్లగా ఉంది.

తీతు మొదటి షిఫ్టుకు పోయిన రోజు ఆమె యేసమ్మ ఇంటికి వచ్చింది. గడప దాటడానికే గోడ పట్టుకుంది. యేసమ్మ కోపమంతా వెళ్లగక్కింది.

"ఆదివారం లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పు. పక్కన నేను నిలబడుత. ఎవడేమంటడో చూస్త."

"ఆయన పెద్దరికం పోతది, పోనీ. నా చేతికింద తలలు పెట్టించిన తల్లులకు ఏం చెప్పాలె, అక్కా? అండ్ల ఒక పిల్ల సచ్చిపోయింది."

సుగుణమణి కొంగుముడి విప్పి కొత్త మాత్రల సీసా తీసింది. చెవిదుద్దు ఒకటి లేదు. సీసాను యేసమ్మ బియ్యం కుండలో లోపలికంటా దింపి, పైన బియ్యం సర్దింది.

"నీ నోటెంట అబద్ధం రాదని తెలుసు. అయినా అడుగుతున్న. ఆయన డ్యూటీకి పోంగనే రోజూ పొద్దుగాల నన్ను పిలువు, అక్కా. పొయ్యి అంటుకుంటలేదు, ఒక్కసారి వచ్చిపో అని పిలువు. గట్టిగ పిలువు. లైనంత వినాలె."