వెండికీ వెలుగుకీ మధ్య మా మరిది

మా మరిది పోయాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేనూ, అతని భార్య అయిన మా తోడికోడలూ చారులో బెల్లం వెయ్యాలా వద్దా అని వాదించుకుంటున్నాం. ఆ తర్వాత స్టవ్ కట్టెయ్యడం ఇద్దరం మరిచాం. చారు ఇగిరి మాడిపోయింది.

పరామర్శకు వచ్చిన మీరంతా, ఇక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే తోడుగా ఉంటుందన్నారు. మా అబ్బాయి అప్పుడే ఆమె ఫ్లాట్ ఖాళీ చేయించే పనిలో పడ్డాడు. నాకు రాత రాదు గనక ఈ ఉత్తరం వాడిచేతే రాయిస్తున్నాను. ఆ సలహా తప్పని మా మరిది ఎప్పుడో తేల్చాడు.

నేను దేశం విడిచి ఈ హారో వచ్చిన కొత్తలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆమె నా ఇనప మూకుడును సబ్బుతో తోమేది. నేను ఆమె ఫ్రీజర్ కూరలు బిన్‌లో పడేసేదాన్ని. మరిదిది లాబ్‌లో పని. రక్తంలో రోగం ఆనవాలు మరీ కొంచెమే ఉంటే దానికి మెరిసే రంగు అంటించి పట్టుకుంటారట. వట్టి గాజు మీద ఆ వెలుగు కనీకనబడకుండా ఉంటుంది. గాజుకు వెండి పూత వేస్తే ధగధగమంటుంది. కానీ రంగును వెండికి ఆనించారో, ఉన్న వెలుగూ పోతుందట.

“అంటుకోకూడదు వదినా. అలాగని దూరమూ పోకూడదు. మధ్యలో సన్నటి పొరొకటి ఉండాలి. మీ సంగతీ అంతే.”

“మాలో వెండి ఎవరు?” అన్నాను. వంటింట్లోంచి ఆమె కూడా అదే అడిగింది. లాబ్‌కి టైమయిందంటూ లేచాడు. ఆ రోజు ఆదివారం.

తర్వాత పై ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఆమెను తీసుకెళ్ళాడు. మునక్కాడలకని ముగ్గురం ట్యూబ్ రైల్లో ఈస్ట్ హామ్ బజారుకు వెళితే మధ్య సీటు అతనిదే. ఆమె వంకాయ కూర గొడ్లు కూడా ముట్టవని నేనంటే, “వదిన ఉప్పు కాస్త ఎక్కువైందంటోంది” అని అటు చెప్పేవాడు. పక్కనే ఉన్న ఆమెకు నా మాట వినపడక కాదు.

ఒకే ఇంటి మాట మా అబ్బాయి ఆమెతోనూ ఎత్తాడు. “అక్కతో ఒకే వంటింట్లోనా? మీ బాబాయి వెనకే నన్నూ పంపించు” అందట. మేమిద్దరం ఒక మాట మీద ఉన్నది ఇన్నేళ్ళలో ఇప్పుడే.

మొన్న ఈస్ట్ హామ్ నుంచి ఇద్దరమే వస్తున్నాం. చూసుకోకుండానే మధ్యలో ఒక సీటు వదిలి కూర్చున్నాం. ఎవరో పెద్దమనిషి కూర్చోబోతే ఇద్దరం ఒకేసారి దానిమీద చెయ్యి వేశాం. పాపం, అతను నిలబడే వచ్చాడు. మునక్కాడల సంచులు మా ఒళ్ళోనే ఉన్నాయి. హారో వచ్చేదాకా ఆ సీట్లో ఏమీ పెట్టలేదు.