అత్తయ్య గదిలో ఏసీ కారిన ఎండాకాలం

మా అత్తయ్యకు ఏసీ అంటే గిట్టదు. దాని గాలికి మిషన్ గాలి అని పేరు పెట్టారు. ఆ గాలి తగిలితే మోకాళ్లు పట్టేస్తాయని, ముక్కు మూసుకుపోతుందని, ఆఖరికి తిన్న పప్పు కూడా సరిగ్గా అరగదని ఆవిడ నమ్మకం. ఆవిడ ఉండేది అల్మాస్‌గూడలో, పెద్దకొడుకు దగ్గర. ఆ ఎండాకాలం వాళ్లు ఇంట్లో నేలరాళ్లు మార్పించే పని పెట్టుకున్నారు. ఆ దుమ్ముకు ఆవిడకు దగ్గు ఆగడం లేదని బావగారు తీసుకొచ్చి మా ఇంట్లో దించి వెళ్లారు.

మాది గడ్డిఅన్నారం వెనక సందులో ఒక అపార్ట్‌మెంట్, పై అంతస్తు. పండ్ల మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయాక ఇటు లారీలు తగ్గాయి కానీ ఎండ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. మధ్యాహ్నానికి మా స్లాబు పెనంలా కాలుతుంది. మా పాప హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి దాని గది ఖాళీగానే ఉంది, అందులో ఏసీ ఉంది. ఆ గది అత్తయ్యకిచ్చాం. మొదటి రెండు రోజులూ ఆవిడ ఆ ఏసీ వంక పరాయి మగవాడిని చూసినట్టు చూశారు, దాని ముందు దుప్పటి ముసుగు తీయలేదు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను గుంటూరు వైపు దాన్ని, మా ఆయనా అత్తయ్యా నల్లగొండ వైపు వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలకు లెక్కలు చెబుతాను. నాకు కోపం వెంటనే వస్తుంది. ప్రేమ మాత్రం ఉన్నా బయటికి రాదు. అత్తయ్యదీ సరిగ్గా ఇదే జాతకం. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఉప్పు గురించి, చింతపండు గురించి, ఆయన బద్ధకం గురించి. అంతకన్నా లోపలి విషయం ఏదైనా చెప్పాల్సి వస్తే ఇద్దరం లేచి వేరే పని చూసుకుంటాం.

అయితే మూడో రోజో నాలుగో రోజో అత్తయ్య బాల్కనీలో నిలబడి గట్టిగా కేక పెట్టారు. ఏమైందోనని పరుగెత్తాను. గోడలోంచి బయటికి వేలాడే ఏసీ పైపు చివర నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి, కాలువ కట్టి, తూములోకి పోతున్నాయి.

"ఏందే పిల్లా, గిన్ని నీళ్లు పారవోస్తున్నరా?"

"అవి ఏసీ నీళ్లు అత్తయ్యా. అలా పోవాల్సిందే."

"పోవాల్నా? బోరెండి, ట్యాంకర్ కోసం బిల్డింగంత పొద్దుగాల్నుంచి బకీట్లు పట్టుకొని నిలవడ్తుంటే, నీళ్లు పోవాల్నా?"

మర్నాడు నేను క్లాసు నుంచి వచ్చేసరికి బాల్కనీ మూల ఒక నీలం డ్రమ్ము వెలిసింది. బట్టలారేసే తీగ వెనక, నీడలో, దర్జాగా కూర్చుని ఉంది. ఆ నీళ్లతో అత్తయ్య ఇల్లు తుడిచారు, కరివేపాకు మొక్కకు పోశారు, గడపలు కడిగారు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తానని మా ఆయన ఒక సీసా పట్టుకుని వెళితే, "నా నీళ్లు ముట్టకురా" అని తరిమేశారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏసీ పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగేది కాదు. చిత్రం ఏమిటంటే గదిలో ఎవరూ ఉండరు. అత్తయ్య హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని, గది తలుపు దగ్గరగా వేసి, లోపల ఏసీని ఒంటరిగా పనిచేయించేవారు. "మీకు పడదు కదా, ఆపేయనా?" అని అడిగితే, "గాలి కోసం కాదే, నీళ్ల కోసం" అన్నారు. గేదెను పాలకోసం కట్టేసినట్టు దాన్ని కట్టేశారన్నమాట.

వారం తిరక్కుండా ఏసీ ఎదురు తిరిగింది. ఒక మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీద్దామని గదిలోకి వెళితే మంచం తలవైపు తడిసి ముద్దయింది. ఏసీ ముందు భాగం నుంచి నీళ్లు గోడమీదుగా కారుతున్నాయి. మా ఆయన ఎల్బీనగర్ నుంచి మెకానిక్‌ను పిలిపించారు. అతను మర్నాడు పొద్దున్నే వచ్చి, మూత విప్పి, పైపులోకి బ్లోయర్‌తో గట్టిగా గాలి కొట్టాడు. బాల్కనీ వైపు నుంచి సగ్గుబియ్యం జావలాంటి నల్లటి పాచి బయటపడింది. ఇంటిల్లిపాదీ దాన్ని చూసి అసహ్యించుకుని, అసహ్యించుకున్నందుకు తృప్తి పడ్డాం.

"చల్లటి నీళ్లు నిలవుండే జాగ గదా మేడం, పాచి పడ్తది. సీజన్‌కొక్కసారి పైపుల గోరువెచ్చటి నీళ్లు పోస్తె చాలు" అన్నాడు మెకానిక్. పోతూ పోతూ బాల్కనీలో ఖాళీ డ్రమ్మును చూసి, "అమ్మ మంచి ఐడియా చేసింది" అని మెచ్చుకున్నాడు కూడా. అత్తయ్య మొహం వెలిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే మళ్లీ కారింది.

ఫోన్ చేస్తే మెకానిక్ ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానన్నాడు. సాయంత్రం చేసినా అక్కడే ఇరుక్కుని ఉన్నాడు. మర్నాడు పొద్దున వచ్చి ఏసీ వేసి చూస్తే అది ఒక్క చుక్క కారిస్తే ఒట్టు. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా బుద్ధిగా పనిచేసింది. "మంచిగనే ఉంది గదా మేడం" అని నా వంక అదోలా చూశాడు. ఆ చూపుకు నాకు ఒళ్లు మండింది. అతను అటు వెళ్లాడు, మధ్యాహ్నమయింది, నీళ్లు ఇటు వచ్చాయి. మూడోసారి కూడా ఇదే తంతు.

దాంతో మర్నాడు పొద్దున్నే మా ఆయన స్వయంగా రంగంలోకి దిగారు. సైకిల్ పంపుతో గాలి కొట్టారు. పంపు గొట్టానికీ పైపుకీ పొంతన కుదరక గాలంతా బయటికే పోయింది. అప్పుడాయన పైపు చివర నోట్లో పెట్టుకుని బలంగా పీల్చారు. లోపల ఎక్కడో మిగిలిపోయిన పాచి ఉన్నపళంగా వచ్చి ఆయన నోట్లో పడింది. ఆయన వాష్‌బేసిన్ దగ్గర చేసిన శబ్దాలు నేనిక్కడ రాయలేను. నేను గోడకానుకుని నవ్వుతుంటే అత్తయ్య చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "అమృతమా బిడ్డా? జర నీ పెండ్లానికి గూడ పోయ్" అన్నారు. ఇద్దరం అంత గట్టిగా, ఒకేసారి నవ్వుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆ నవ్వు సాయంత్రానికి ఆరిపోయింది. గది మళ్లీ తడిసింది. నేను వంటింట్లో ఉండగా అత్తయ్య హాల్లో పెద్దకొడుకుతో ఫోన్లో మాట్లాడటం వినబడింది.

"నేను కాలు వెట్టిన కాన్నుంచి ఇల్లు ఉరుస్తున్నదిరా. పాపం వీళ్లు పరేషాన్ అయితున్నరు. నా కాలు మంచిది గాదు. రాళ్ల పని అయితే అయింది, కాకపోతే లేదు. అయితారం ఒచ్చి నన్ను తోల్కపో."

రాత్రి భోజనాలయ్యేసరికి ఆవిడ సంచి సర్దుకుని గది మూల పెట్టేశారు.

ఆవిడ వెళ్లడం నాకిష్టం లేదు. ఈ మాట ఇక్కడ రాసినంత తేలిగ్గా అప్పుడు నోటికి రాలేదు. పాప హాస్టల్‌కు వెళ్లినప్పటి నుంచి నేను క్లాసులు ముగించుకుని, ఎండలో వచ్చి, తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టేదాన్ని. అత్తయ్య వచ్చాక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది. "మొకమంత గుంజుకపోయింది, ముందు తిను" అనేవారు. నా కోసం గిన్నెలో ఒక సర్వపిండి ముక్క మూతపెట్టి ఉండేది. కారం నిండుగా, నువ్వులు పంటి కింద పడుతూ. ఆదివారం ఆవిడ వెళ్లిపోతే ఇదంతా పోతుంది. నాకు దిగులేసింది.

"మీ అమ్మను ఉండమనండి" అన్నాను ఆయనతో.

"నేనంటే కొడుకు కాబట్టి అంటుండు అనుకుంటది. నువ్వను."

"నేనెలా అంటాను?"

"నోటితోనే" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

నేను లెక్కల టీచర్‌ని కదా, నా బుర్ర లెక్కలాగే నడిచింది. ఆవిడ వెళ్లడానికి కారణం ఏసీ కారడం. కారడం ఆగితే వెళ్లడానికి కారణం ఉండదు. కాబట్టి నేను మాట్లాడాల్సింది అత్తయ్యతో కాదు, ఏసీతో. ఎంత ముచ్చటైన తర్కమో చూడండి.

శుక్రవారం మధ్యాహ్నం క్లాసు లేదు, తొందరగా ఇంటికి వచ్చాను. అత్తయ్య హాల్లో చాప మీద నిద్రపోతున్నారు. గదిలోకి వెళ్లి చూస్తే ఏసీ అప్పుడే కారడం మొదలుపెడుతోంది. ఇంతవరకూ కారే వేళకు అందరం గదిలోనే వెతికాం, పైపు రెండో చివరను మధ్యాహ్నం పూట చూసిన వాళ్లు లేరు. బాల్కనీలోకి వెళ్లి ఆరేసిన చీరలు పక్కకు జరిపాను. డ్రమ్ము నిండుగా ఉంది. దోమలు దూరకుండా అత్తయ్య దాని మూతికి పాత చీర ముక్క బిగించి కట్టి, మధ్యలో చిన్న కన్నం చేసి, ఏసీ పైపును ఆ కన్నంలోంచి డ్రమ్ము అడుగుదాకా దింపారు. ఒక్క చుక్క బయట పడకూడదని ఆవిడ జాగ్రత్త.

పైపును పట్టుకుని పైకి లాగాను. లోపల బుడబుడమని చప్పుడైంది. ఒక్కసారిగా నీళ్లు ధారగా వచ్చి నా చీరంతా తడిపాయి. గదిలోకి వెళ్లి చూస్తే కారడం ఆగిపోయింది.

సంగతి తెలిసిపోయింది. పైపు చివర నీళ్లలో మునిగితే లోపలి గాలి బయటికి పోలేక మధ్యలో ఇరుక్కుంటోంది. వెనక నుంచి వచ్చే నీళ్లకు దారి లేక, ఏసీ లోపలి తొట్టి నిండి, గోడమీద పడుతోంది. పొద్దున్నే అత్తయ్య డ్రమ్ము ఖాళీ చేసి ఇల్లు తుడుస్తారు కాబట్టి మెకానిక్ వచ్చే వేళకు అంతా సవ్యంగా ఉండేది. మధ్యాహ్నానికి డ్రమ్ము నిండేది, కథ మొదటికొచ్చేది.

పరుగెత్తి వెళ్లి అత్తయ్యను లేపబోయాను. సగం దారిలో ఆగిపోయాను. ఏమని చెప్పాలి? "మీ వల్లే కారుతోంది అత్తయ్యా" అనా? నా కాలు మంచిది కాదని ఇప్పటికే సంచి సర్దుకున్న మనిషికి రుజువు కూడా చేతిలో పెట్టినట్టే అవుతుంది. ఆదివారం దాకా కూడా ఆగరు, ఆ సాయంత్రమే ఆటో ఎక్కేస్తారు.

వంటింట్లోంచి కత్తెర తెచ్చాను. పైపు చివర డ్రమ్ము మూతికి జానెడు పైనే ఆగేలా కత్తిరించేశాను. ఇక ఎంత లాగినా అది నీళ్లలో మునగదు. కన్నం మూసుకునేలా చీర ముక్కను మడిచి మళ్లీ కట్టాను, బొట్లు దాని మీద పడి లోపలికి ఇంకుతాయి. నీళ్లు పోవు, దోమలు రావు, ఏసీ కారదు. కత్తిరించిన ముక్కను చెత్తబుట్టలో బీరకాయ తొక్కల కింద దాచి, చీర మార్చుకుని, ఏమీ ఎరగనట్టు పేపర్ చదువుతూ కూర్చున్నాను.

శనివారమంతా ఒక్క చుక్క పడలేదు. మా ఆయన మీసం మీద చెయ్యేసి, తాను పీల్చడం వల్లే బాగుపడిందని ప్రకటించారు. నేను కాదనలేదు. అత్తయ్య మాత్రం గోడను తడిమి చూశారు, బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు ఉన్నారు, తిరిగొచ్చి చాప వాల్చుకున్నారు. సంచి మూలనే ఉంది. నా లెక్కలో ఎక్కడో తప్పు దొర్లిందని నాకు భయం పట్టుకుంది.

ఆదివారం పొద్దున బావగారు వచ్చేశారు. ఆయన హాల్లో కూర్చున్నారు, నేను వంటింట్లో టీ పెడుతున్నాను. అత్తయ్య లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆవిడ చేతిలో, శుభ్రంగా కడిగిన పైపు ముక్క.

"గిదేంది?"

"ఏదో... పైపు ముక్క."

"గది నాకు గూడ కనిపిస్తున్నది. తడి చెత్తల ప్లాస్టిక్ ఏసినవేందని తీస్తే గిది దొరికింది. డ్రమ్ము కాడికి పోయి చూసిన. సమజైంది." ముక్కను గట్టు మీద పెట్టారు. "నాకు తెల్వకుంట దొంగలెక్క పైపు కోసినవ్. గింత తిప్పలెందుకే? ఉండు అత్తమ్మా అని ఒక్కసారి నోటితోని అంటే ఏం పోతుండె నీకు?"

క్లాసులో మైకు చేతికిస్తే నన్ను ఆపేవాళ్లుండరు. టీ గిన్నె ముందు ఆ ఒక్క మాట వెతుక్కుంటూ వేసిన పంచదారే మళ్లీ వేశాను. ఆవిడ అడిగేవరకూ, ఏసీ కారడం కాదు, నేను మాట్లాడకపోవడమే ఆవిడను సంచి సర్దుకునేలా చేసిందని నాకు తట్టలేదు.

"ఉండండి అత్తయ్యా" అన్నాను. "ఇల్లు కారితే కారనీండి. మీరు వెళ్లిపోతే నాకు బాగుండదు."

ఆవిడ టీ పొంగబోతుంటే స్టవ్ కట్టేసి, కప్పుల్లో పోసి, పళ్లెం నా చేతిలోంచి తీసుకుని హాల్లోకి వెళ్లారు. పక్క ఫ్లాట్ వాళ్లకు కూడా వినబడేలా, పెద్ద ఫిర్యాదు చేస్తున్నట్టు బావగారితో అన్నారు:

"చాయ్ తాగి నువ్వు పోరా. చిన్నకోడలు నన్ను పోనిస్తలేదు."