ముప్పై ఆరో రాయి దగ్గర మానవహారం

ఏడు నలభైకి బయలుదేరాల్సిన చల్లపల్లి బస్సు ఎనిమిదింబావుకు విజయవాడ బస్టాండులోకి వచ్చింది. కాలవలకు నీళ్లు వదలాలంటూ పది గంటలకు రైతులు ఈ రోడ్డు పొడవునా మానవహారం కడతారని అందరికీ తెలుసు, బస్సులు నడిపేవారికి తప్ప. చూసి పత్రికకు రాయడం నా పని. ఇలాంటి రోజున ఎవరైనా వెళ్లదలిస్తే తెల్లవారుజాము బస్సే పట్టుకోవాలి.

పక్క సీట్లో సుబ్బారావు గారు, ఒళ్లో విజయవాడలో కొన్న జెండాల మూట. చల్లపల్లికి ఇవతల, కాలవ నీళ్లు ఆఖరున అందే ఊరు ఆయనది. నారుమడి నెర్రెలిచ్చిందనీ, వారంలో తడి తగలకపోతే ఈ ఏడు ఊడ్పులు లేనట్టేననీ చెప్పారు. ఆయన బెంగ అదొక్కటే కాదు. ఏ ఊరి వంతులో హారం తెగుతుందో ఆ ఊరికి, మధ్యాహ్నం కాలవల ఇంజనీరును కలిసే బృందంలో చోటుండదని నాయకులు తేల్చేశారు. వీరి వంతు ఉయ్యూరు దాటాక ముప్పై ఆరో కిలోమీటరు.

"రెండొందల మందండీ. మావాళ్లు రాకపోవడమనేది ఉండదు," అన్నారు.

ఉయ్యూరులో బస్సు ఆపేశారు. ఇడ్లీ చల్లగా ఉంది, చట్నీ అయిపోయింది. ఆటోలో పది గంటలకు రాయి దగ్గర దిగాం. అటూ ఇటూ జనం చేతులు పట్టుకుని బారులు తీరారు. మధ్యలో రెండొందల గజాల మేర ఒక్కరూ లేరు. సుబ్బారావు గారు ఒక చివర నిలబడి చెయ్యి చాచారు. అవతల అందుకోవడానికి ఎవరున్నారు?

జీపులో వచ్చిన నాయకుడు దిగకుండానే చూశాడు. "ఏమయ్యా సుబ్బారావు, మీ ఊరికి నీళ్లే కాదు, మనుషులూ ఆఖరునే వస్తారా?" అని కాగితంలో ఊరి పేరు కొట్టేసి వెళ్లిపోయాడు. సుబ్బారావు గారు చాచిన చెయ్యి దించి జెండాల మూట సర్దుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియక.

పదకొండుకు ఉయ్యూరులో ఆపిన బస్సు కదిలి వస్తే మళ్లీ ఎక్కాం. పన్నెండున్నరకు చల్లపల్లి చేరువలో కిటికీలోంచి చూసి ఆయన కేకేసి బస్సు ఆపించారు. కాలవ గట్టు మీద రెండు వందల మంది చేతులు పట్టుకుని, ఎండిన కాలవ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. దిగి అడిగితే తెలిసింది: నాయకులు పంచిన కరపత్రం వాళ్లకు చదివి వినిపించింది, ఒకప్పుడు కాలవ తూములు చూసి రిటైరైన లస్కరు. ఆ ఊళ్లో దూరమంటే ఆనకట్ట నుంచి కాలవ మైళ్లే. కిలోమీటరని అచ్చేసినా ఆయన నోట మైలైంది. ముప్పై ఆరో మైలు రాయి ఊరి పక్కనే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. నాయకులు వచ్చి చెప్పేదాకా వదలొద్దన్న మాట మాత్రం సరిగ్గానే చదివాడు.

"ఎవరూ రాలేదేంట్రా సుబ్బయ్యా? చెయ్యి వదలొచ్చా?" అని ఒక ముసలామె ఆయన్ని అడిగింది.

ఆయన జెండాల మూట కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఇంకాసేపుందాం పిన్నీ."

మూడింటి తిరుగు బస్సులో నిలబడే ప్రయాణం. ముప్పై ఆరో కిలోమీటరు దగ్గర అరటితొక్కలు, వాటర్ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. పొద్దున రోడ్డు మీద ఎవరెవరు ప్రసంగించారో నోటుబుక్కులో నాలుగు పేజీల నిండా ఉంది. వాటిని తిప్పేసి కొత్త పేజీలో ముందు ఆ ఊరి పేరు రాశాను. ఇంజనీరు గారు పొద్దున్నే చదివే పత్రిక మాదే.