తెల్లచెట్టు మలుపు

తడిసిన గుల్ల సున్నం వాసన ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకి ఎంత చెప్పినా అర్థం కాదు. విజయవాడలో ఇవాళ సున్నం అంటే కిళ్ళీకొట్లో తమలపాకుకి రాసే చిటికెడు, అంతే. గోడలకైతే డబ్బాల్లో రంగులొస్తాయి, వాటి వాసనకి తలనొప్పి తప్ప జ్ఞాపకమేదీ రాదు. అలాంటిది మొన్న, పోయినవాళ్ళ సమాధులకి వెల్లవేసి కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండక్కి కాస్త ముందు మా అమ్మ, మోకాళ్ళు పట్టేసి గుమ్మం దాటని మనిషి, ఎవర్ని పట్టుకుందో ఏమో, ఒక పొట్లం గుల్ల సున్నం తెప్పించింది. తెప్పించి ఊరుకుందా, అది ఘాటుదో కాదో చూద్దామని ఒక పలుకు స్టీలు గిన్నెలో వేసి నీళ్ళు చిలకరించింది. అది బుసబుసమంటూ పగిలి, పొంగి, ఆవిరి కక్కి, మా ఫ్లాటు వంటిల్లంతా ఆ వేడి వాసనతో నింపేసింది. కాల్చిన గవ్వలూ, ఉప్పునీళ్ళూ, ఎండలో తడిసిన మట్టిగోడా కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ వాసన. బ్యాంకు పని నుంచి రిటైరై ఇంట్లో కూచున్నదాన్ని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా ఆ గిన్నె ముందే నిలబడిపోయాను.

మా నాన్న పంతులు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, పాయకీ పాయకీ మధ్య మడ అడవుల్లో తేలినట్టుండే లంకల్లో ఒకదాని మీద, గట్టిగా నాలుగు వీధులు కూడా లేని జాలరి పల్లెలో బడి నడిపేవాడు. దాన్ని అందరూ దిబ్బ అనేవాళ్ళు. కరెంటు లేదు, రోడ్డు లేదు, తాగే నీళ్ళు కూడా పడవలో రావాల్సిందే. చల్లపల్లిలో పుట్టి పెరిగి అక్కడికి కాపరానికొచ్చిన మా అమ్మ మొదట్లో రోజూ ఏడ్చేదట, తర్వాత ఏడుపు మానేసి పీతల కూర వండడం నేర్చుకుందట. నాకు మాత్రం అంతకు మించిన లోకం తెలియదు. ఎండాకాలం వాకిట్లో చాపల మీద ఆరేసిన రొయ్యపొట్టు వాసన, వానాకాలం తాటాకుల కప్పు మీద రాత్రంతా ఒకటే చప్పుడు, చలికాలం పొద్దున్నే పొగమంచులోంచి గుంపులు గుంపులుగా దిగే కొంగలు, పోటు ఎక్కువైన రోజున పెరట్లోకొచ్చి తులసాకంత పిల్లచేపలతో సహా పొయ్యి దగ్గర దాకా పలకరించి పోయే నీళ్ళు, ఇవే మా రుతువులు. నాన్న ఎంత ఎండైనా వానైనా చంకలో గొడుగు పెట్టుకునే తిరిగేవాడు గానీ దాన్ని విప్పగా నేను చూడలేదు. గాలికి విరిగిపోతుందని భయం.

నాకో చెల్లెలుండేది. నడక రాకముందే పీతల వెంట పాకిన పిల్ల, కొబ్బరి లౌజంటే ప్రాణం పెట్టే పిల్ల, ఎవరెత్తుకున్నా వాళ్ళ చెవి పట్టుకుని వదిలేది కాదు. దానికి మూడో ఏడు నడుస్తుండగా వానల్లో జ్వరమొచ్చింది. పాయలో వరద, పైన ఈదురుగాలి, అవతలి ఒడ్డుకి పడవ కదిలే వీల్లేదు. నాన్న దాన్ని భుజాన వేసుకుని రేవుకీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. గాలి తగ్గి ఏసోబు మామ పడవ విప్పేసరికి పిల్ల పోయింది. ఏసోబు మామ అంటే మాకు చుట్టమేం కాదు, దిబ్బ నుంచి బయటికి పోవాలంటే అందరికీ ఆయన పడవే ఆధారం, అందుకని పిల్లలందరికీ ఆయన మామే.

గాలి తగ్గినా వరద తియ్యలేదు, అవతలి ఒడ్డున ఉన్న సమాధుల దొడ్డికి తీసుకుపోయే దారి లేదు. దిబ్బ చివర, పాయ మలుపు తిరిగే చోట, ఎత్తుగా ఉన్న ఇసుక మిట్ట మీద పెట్టారు. సిలువ చేద్దామంటే పలకల్లేవు. బడి చుట్టూ దడి కట్టడానికి కొట్టించి ఉంచిన గంగరావి కొమ్మల్లోంచి నాన్న తిన్నగా ఉన్నదొకటి తీసి, అడ్డంగా ఇంకో ముక్క పెట్టి, కొబ్బరితాడుతో కట్టి తలాపున పాతాడు. గంగరావి కొమ్మ పచ్చిది పాతితే బతుకుతుందని మా వైపు దడి కట్టిన ప్రతివాడికీ తెలుసు. నాన్నకీ తెలుసు. కానీ ఆ రోజు అది పచ్చిదో ఎండుదో చూసుకునే స్థితిలో ఎవరున్నారు?

ఆ ఏడు సమాధుల పండక్కి సున్నం కుండ పట్టుకుని మేం అక్కడికి వెళ్ళేసరికి, సిలువకి చిగుళ్ళు. అడ్డకొయ్య ఎండి నల్లబడింది గానీ నిలువు కొయ్య నిండా రావాకుల్లాంటి లేత ఆకులు, ఒక పసుపుపచ్చ పువ్వు కూడా. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సమాధి మీద చెట్టేంటి, పీకేసి చల్లపల్లి నుంచి సిమెంటు సిలువ తెప్పిస్తానన్నాడు నాన్న. అమ్మ ఆ కొమ్మని రెండు చేతుల్తో పట్టుకుని కింద కూలబడింది. "దీన్ని పీకితే నన్ను కూడా ఇక్కడే పెట్టేసి పోండి" అంది. నాన్న, లెక్కలు చెప్పే మనిషి కదా, గంగరావి ఎక్కడ పాతినా చిగురేస్తుందని, ఇందులో వింతేమీ లేదని చెప్పబోయాడు. సగంలో ఆగి, నీళ్ళ వైపు తిరిగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత నాన్నకి బదిలీ అయింది, కొన్నాళ్ళు చల్లపల్లి దగ్గర, ఆ పైన విజయవాడ. ఎక్కడున్నా ఏడాదికోసారి దిబ్బకి పోవాల్సిందే. మా ఇంట్లో ఆ పండగ క్రిస్మస్ కంటే ముందే వచ్చే పెద్ద పండగ. ముందు రోజు మధ్యాహ్నం నుంచే అమ్మ కొబ్బరి కోరుతూ కూచునేది, బెల్లం పాకం వాసనకి నేను వంటింటి గుమ్మం వదిలేదాన్ని కాదు, ఆ లౌజు మాత్రం పండగ రోజు సమాధి దగ్గర ప్రార్థనయ్యేదాకా ముట్టుకోకూడదు. నాన్న మొగలి ఊడ తెచ్చి, కొన నానబెట్టి, రాయి మీద దంచి, పీచు తేలాక ఎండబెట్టి కుంచె చేసేవాడు. సున్నంలో ఇంత తుమ్మబంక, చిటికెడు నీలిమందు. నీలిమందు ఎక్కువైతే అమ్మ ఊరుకునేది కాదు. తెల్లారగట్ల బస్సు, నాగాయలంక రేవులో ఇడ్లీలు, అక్కణ్ణించి ఏసోబు మామ పడవ. గాలుంటే తెరచాప, లేకపోతే గడ. మడచెట్ల సందులోంచి పడవ పోతుంటే బురదలో మేకులు దిగేసినట్టు నిలబడ్డ వేళ్ళు, వాటి మధ్య గెంతే బురదచేపలు, పక్కనుంచి తలొంచుకు చూసే పిట్టలు. నేను ఒక చెయ్యి నీళ్ళలో ఆడించుకుంటూ కూచునేదాన్ని, పడిపోతావే అని అమ్మ నా పరికిణీ కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకునేది.

చెట్టు పెరిగిపోయింది. సమాధి మిట్ట వానలకి కరిగి నేలతో కలిసిపోయింది, కొబ్బరితాడు ఊడింది, అడ్డకొయ్య ఎటో కొట్టుకుపోయింది. ఇక సున్నం వేయడానికి చెట్టే మిగిలింది. అందుకని మొదలు నుంచి నాన్న చెయ్యి అందినంత ఎత్తు వరకూ మానుకి మూడు పూతలు వేసేవాళ్ళం. పచ్చటి మడ అడవిలో, బూడిదరంగు నీళ్ళ మీద, ఆ తెల్లటి మాను ఎంత దూరానికైనా కనపడేది. ఏసోబు మామ గడ వేస్తూ "అదుగో తెల్లచెట్టు" అనేవాడు, అమ్మ వెంటనే పమిట సర్దుకునేది, ఎవరింటికో వచ్చినట్టు.

ప్రతి ఏడూ నేను ఆ చెట్టు పక్కన నిలబడి కొలుచుకునేదాన్ని. మొదట్లో నేనే పొడుగు. రెండో ఏటికల్లా అది నన్ను దాటింది. అమ్మ దాన్ని కావలించుకుని చెంప ఆనించి ఏవేవో చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది, నిజం చెబుతున్నా. బతికున్న దాన్ని నేనిక్కడుంటే చెట్టుతో ముచ్చట్లేమిటని ఉక్రోషం. ఆ ఉక్రోషంతో దిబ్బ మీది పిల్లలతో కలిసి ఎర్రపీతల్ని తరుముతూ పోయేదాన్ని, మనిషి అడుగు చప్పుడుకి ఇసుకంతా ఎర్రగా కదిలి ఒక్కసారిగా బొరియల్లోకి మాయమైపోయేది. ఊరందరూ కొవ్వొత్తులు చీకటి పడ్డాక వెలిగిస్తారు. మాకు మాత్రం నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైతే పడవ బురదలో కూరుకుపోతుందని భయం, అందుకని మిట్టమధ్యాహ్నం ఎండలోనే వెలిగించేవాళ్ళం. ఆ ఎండలో వెలుగే కనపడేది కాదు. అమ్మ పమిటకొంగు అడ్డం పట్టి, వెలుగుతోందో లేదో వేలు దగ్గర పెట్టి చూసేది. తర్వాత దిబ్బ పిల్లలందరికీ తలా ఒక లౌజు ముక్క, చివర మిగిలింది నాకు.

సముద్రం తొందరపడలేదు. ఒక ఏడు బడి దాకా వచ్చింది, ఇంకో ఏడు మా పాత ఇంటి అరుగు పట్టుకుపోయింది. జనం ఒక్కో ఇల్లే విప్పుకుని ఒడ్డుకి చేరారు. ఏసోబు మామ పోయాడు. ఆ తర్వాత నాన్న పోయాడు, ఆయన్ని విజయవాడలోనే పెట్టాం, నల్లరాతి పలక, బంగారు అక్షరాలు, అన్నీ బాగానే ఉన్నాయి. అమ్మ మోకాళ్ళు పడవెక్కనియ్యలేదు, నాకు ఉద్యోగం, పిల్లల చదువులు, ఏవో వంకలు. ఏళ్ళు గడిచిపోయాయి. ఆ మడ అడవుల్లోకి ఇప్పుడు ఊరికే పోనివ్వరు, పిట్టల్ని చూపించడానికి చిన్న బోటు ఒకటి తిప్పుతున్నారని పేపర్లో పడితే అమ్మే చూసి నాకు చూపించింది. ఆ సున్నం పొట్లం తెప్పించింది అందుకు.

"మీ నాన్న పక్కన నాకు చోటుంది. దానికే పక్కన ఎవురూ లేరు. ఒక్కసారి పోయి చూసిరావే" అంది. సంచి సర్దుకుని బయల్దేరాను.

బోటులో పట్టుమని పదిమంది లేం. మెళ్ళో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన, ఆయన భార్య, ఆఫీసు స్నేహితులు కొందరు, తల్లిదండ్రులతో వచ్చిన ఒక చిన్నపిల్ల, సంచి ఒళ్ళో పెట్టుకున్న నేను. అందరికీ నారింజరంగు జాకెట్లు కట్టి, నడిపే ఆయన మర్యాదగా చెప్పాడు: లంకల మీద దిగకూడదండీ, నిప్పు వెలిగించకూడదండీ, నీళ్ళలో ఏమీ వేయకూడదండీ, పూలైనా సరే. నా సంచిలో సున్నం, కుంచె, కొవ్వొత్తులు, చామంతులు, లౌజు డబ్బా. మొదటి లంక దగ్గర అందరూ కొంగల్ని చూసి మురిసిపోయారు, రెండో లంక దగ్గర నీటిపిల్లి పాదాల గుర్తులు చూపించాడు. అదే పాయ, అవే వేళ్ళు, అవే బురదచేపలు. నేను పచ్చదనంలో తెలుపు కోసం వెతుకుతూనే ఉన్నాను. సున్నం ఎప్పుడో కొట్టుకుపోయుంటుందని తెలుసు, అయినా వెతికాను.

పాయ వెడల్పైంది, బోటు వంపు తిరిగింది. నాకు ఒళ్ళంతా తెలిసిపోయింది ఇదే చోటని. మిట్ట లేదు, ఇసుక లేదు, దిబ్బ అన్నదే లేదు. ఎదురుగా సముద్రం దాకా నీళ్ళు.

"ఇది తెల్లచెట్టు మలుపండీ. నీటికాకులు బాగా కనపడతాయి, చూడండి" అన్నాడు నడిపే ఆయన.

 ఆ చిన్నపిల్ల చుట్టూ చూసి, చెట్టేదని అడిగింది.

"చెట్టు లేదమ్మా, పేరంతే. మా నాన్న నాటి నుంచీ ఇట్టాగే అంటన్నారు."

కెమెరా ఆయన, మడజాతుల్లో తెల్లబెరడు చెట్టొకటి ఉంటుందని, అది ఇక్కడ ఎక్కువగా ఉండి ఉంటుందని భార్యకి చెబుతున్నాడు. నోటిదాకా వచ్చింది నాకు. చెబితే ఏడుస్తానని భయమేసింది, అంతమంది పరాయివాళ్ళ ముందు. జాకెట్టు బిగదీసుకుని పక్కకి వంగి, బోటు తిరిగినంత సేపూ చెయ్యి నీళ్ళలో పెట్టుకు కూచున్నాను. నా కుచ్చిళ్ళు పట్టుకునే చెయ్యి వెనక లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వీధి తలుపు దగ్గరే కుర్చీ వేయించుకు కూచుంది. సంచి బరువు చూడగానే ఆమెకి తెలిసిపోయింది. చెట్టు లేదని చెప్పాను, దిబ్బే లేదని చెప్పాను, అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అమ్మ ఏడవలేదు. ఆ మలుపుకి అలా పేరు పడిపోయిందని చెబితే, ఎవరన్నారు, ఏమన్నారు అని నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి పిల్ల పేరు చెప్పావా వాళ్ళకి?"

చెప్పలేదన్నాను.

"చెట్టుకి పేరుండి పిల్లకి లేకపోతే ఎట్టానే" అంది, కోపంగా కూడా కాదు.

దిబ్బ లేదు, బడి లేదు, ఏసోబు మామ పడవ లేదు, మొగలి ఊడతో కుంచె చేసే చేతులు లేవు. ఆ సున్నం వంటింటి అరలోనే గాలి పీల్చి పొడైపోయింది, ఇప్పుడు నీళ్ళు పోసినా పొంగదు. వచ్చే పండక్కి అమ్మ ఉంటుందో లేదో, ఉన్నా మళ్ళీ నన్ను పంపుతుందో లేదో. మీరెప్పుడైనా ఆ బోటెక్కితే, మలుపు దగ్గర ఏ పిల్లైనా చెట్టేదని అడిగితే, నాలాగా నోరు మూసుకోకండి. అక్కడ మా చెల్లెలుంది. దాని పేరు సువార్త.